పొద్దున పిడికిలి

2018 ఆగస్టులో ఒక పొద్దున టూత్‌పేస్టు మూత తీయబోయాను. రాలేదు. వేళ్లు దగ్గరికి రావడం లేదు. పిడికిలి బిగించబోతే సగంలోనే ఆగిపోయింది.

అప్పటికి నాకు 38 ఏళ్లు. ప్రొద్దుటూరులో మా ఇంటి ముందు గదిలోనే బ్లౌజులు కుట్టేదాన్ని. ముందురోజు రాత్రి పెళ్లివాళ్ల బ్లౌజులు కూర్చుని ముగించాను కాబట్టి పని ఎక్కువై పట్టేసిందనుకున్నాను. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ల దగ్గర ఉబ్బి ఉన్నాయి. తొమ్మిదిన్నరకు చేయి వదులైంది. కత్తెర పట్టుకోగలిగాను. మర్నాడూ అంతే. మూడో వారానికి ఎడమచేతిలోనూ సరిగ్గా అవే వేళ్లకు వచ్చింది.

ఇంట్లో అందరూ చికున్‌గున్యా అన్నారు. 2006లో మా వీధిలో చికున్‌గున్యా రాని ఇల్లు లేదు. మా అత్త అప్పుడు జ్వరం తగ్గాక కూడా చాలా నెలలు గోడ పట్టుకుని నడిచింది. "నాకు పోలేదా? నీకూ పోతాదిలే" అంది. నాకసలు జ్వరమే రాలేదన్న సంగతి ఎవరం పట్టించుకోలేదు.

సెప్టెంబరులో దగ్గర్లోని ఒక డాక్టరుకు చూపించుకున్నాను. ఒక సూది వేశాడు, చిన్న తెల్ల మాత్రలు రాశాడు. మూడో రోజుకు నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. ఆ దసరాకు ఎప్పటికంటే ఎక్కువ బ్లౌజులు కుట్టాను. మాత్రలు అయిపోయినప్పుడల్లా డాక్టరును అడక్కుండా మందుల షాపులోనే తెచ్చుకున్నాను. డిసెంబరుకు ముఖం గుండ్రంగా ఉబ్బింది. అవి స్టెరాయిడ్లని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. భయమేసి ఒకరోజు నాకు నేనే ఆపేశాను. నాలుగు రోజులకు మంచం మీంచి లేవలేకపోయాను. కీళ్లవాతానికి పెద్ద డాక్టర్లు కూడా ఆ మందు వాడతారు. కొద్ది మోతాదులో, కొద్దికాలం, మెల్లగా తగ్గిస్తూ వాడతారు. ఏమిటో తెలియకుండా నెలల తరబడి మింగడం, ఉన్నపళంగా మానేయడం, రెండూ నేను చేసిన తప్పులు.

2019 జనవరి. ఆ నెల గురించి రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. బాత్రూములో మగ్గు పట్టుకోలేకపోయాను. మొదటిరోజు లోపలే ఎంతసేపో కూర్చుండిపోయాను. ఎవరినైనా పిలుద్దామంటే నోరు రాలేదు. చివరికి మా అత్తే తలుపు తోసుకుని వచ్చింది. ఏమీ అడగలేదు. కడిగింది. బయటికి తీసుకొచ్చి చీర కుచ్చిళ్లు పెట్టింది. జాకెట్టు హుక్కులు పెట్టింది. వీధిలో అందరి జాకెట్లకూ హుక్కులు కుట్టినదాన్ని, నా హుక్కు నేను పెట్టుకోలేకపోయాను. పదకొండు రోజులు ఆమే చేసింది. పెళ్లయినప్పటినుంచీ మా ఇద్దరికీ పెద్దగా పడేది కాదు. ఆ పదకొండు రోజుల్లో ఆమె ఒక్క మాట తూలలేదు. బయట ఎవరితోనూ అనలేదు కూడా.

ఫిబ్రవరిలో తిరుపతి పోయాం. అక్కడ కీళ్లవాతం డాక్టరమ్మ నా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో కణుపే నొక్కి చూసింది. రెండు పక్కలా ఒకేలా వచ్చిందా, పొద్దున బిగుసుకుపోతే ఎంతసేపటికి వదులుతుంది అని అడిగింది. రెండు గంటలు పడుతుందన్నాను. రక్తపరీక్షల్లో ఆర్.ఎ. ఫ్యాక్టర్, యాంటీ సి.సి.పి. రెండూ పాజిటివ్ వచ్చాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొరమీద దాడి చేస్తుందని చెప్పింది. మందులున్నాయి, తొందరగా మొదలుపెడితే ఎముక తినేయకుండా ఆపొచ్చు, చాలాకాలం వాడాలి అంది.

ఇదంతా తర్వాత మా ఆయన చెబితే తెలిసింది. ఆ గదిలో నాకు వినపడింది ఒక్కటే. చాలాకాలం వాడాలి.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నా చిన్నప్పుడు మా పుట్టింటి వీధిలో ఒక అవ్వ ఉండేది. ఆమె వేళ్లన్నీ చిటికెనవేలి వైపుకు ఒరిగిపోయి ఉండేవి. సంగటి ముద్దను అరచేతుల మధ్య అదిమిపట్టి తినేది. ఆమె చేతులు కళ్లముందుకు వచ్చాయి. రాజంపేట దాటేసరికి ఆ చేతులు నావే అయిపోయాయి. కడపకు వచ్చేసరికి మిషను అమ్మేశాను, పాప చదువు ఆగిపోయింది, మా ఆయన ఇంకొకరిని చేసుకున్నాడు. బస్సులో కూర్చునే ఇదంతా జరిగిపోయింది. గుండె దడదడలాడింది. చెమట పట్టింది. బస్సు ఆపించి కిందికి దిగాను. ఏమైందని మా ఆయన అడిగితే వాంతి వచ్చేట్టుందన్నాను. అబద్ధం చెప్పాను.

మందులు మొదలుపెట్టాను. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. మా ఇంట్లో దాన్ని ఆదివారం మాత్ర అంటాం. పాప క్యాలెండరులో ప్రతి ఆదివారం చుట్టూ ఎర్రగా గీసి పెట్టింది. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. అది మొదలుపెట్టేవాళ్లెవరైనా ఈ ఒక్క విషయం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టుకోండి. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్, రోజూ వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్. ఈ చివరి మందుకు ఏటా కళ్ల పరీక్ష చేయించుకోమంది.

ఈ మందులు వెంటనే పనిచేయవు. రెండు నెలలు ఏమీ తెలియలేదు. మేలో వాపు తగ్గడం మొదలైంది. జూలైకి మగ్గు పట్టుకున్నాను. సెప్టెంబరుకు కత్తెర పట్టుకున్నాను. ఉగ్గాని కలిపాను, సంగటి కెలకడం మాత్రం అత్తే చేసేది. చూసినవాళ్లంతా బాగయిందన్నారు. డాక్టరమ్మా అదే అంది.

నాకు నొప్పి తగ్గలేదు. ఇది ఎవరికీ అర్థమయ్యేట్టు చెప్పలేకపోయాను. వాపు తగ్గింది, నొప్పి పెరిగింది.

రాత్రి అందరూ పడుకున్నాక చీకట్లో నా వేళ్లు నేను నొక్కి చూసుకునేదాన్ని. కుడి బొటనవేలి నుంచి మొదలు. ఒక్కో కణుపు రెండు పక్కలా పట్టి నొక్కాలి. నొప్పి ఉంటే ఇంకోసారి నొక్కాలి, నిన్నటికంటే ఎక్కువా అని. పది వేళ్లూ అయ్యాక మణికట్టు. తర్వాత కాలివేళ్లు. అయిపోయాక మళ్లీ మొదటినుంచి. నొక్కీ నొక్కీ పొద్దునకు అవే కణుపులు నొచ్చేవి. చూశావా, ఎక్కువైంది అనుకునేదాన్ని. రోజూ రాత్రి ఒంటిగంట, రెండు. ఇలా దాదాపు ఏడాది. మా ఆయన పక్కనే పడుకునేవాడు. ఆయనకు తెలియదు.

పగలు పని తగ్గించాను. కుడితే అరిగిపోతాయేమోనని భయం. పిండి కలిపితే భయం. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. కదపకపోతే కీలు ఇంకా బిగుస్తుంది, కండ తగ్గుతుంది, కొంచెం కదిపినా ఎక్కువ నొస్తుంది. ఇది నాకు తర్వాత చెప్పారు. అప్పుడు మాత్రం నేను చేతుల్ని కాపాడుకుంటున్నాననే అనుకున్నాను.

పాప పదో తరగతిలో ఉండేది. ఒకరోజు గ్లాసు అందించడం ఆలస్యమైందని దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. "నేను చస్తే గానీ మీకు తెలీదు" అన్నాను. అది గ్లాసు అక్కడ పెట్టి బయటికి పోయింది. ఆ తర్వాత నెలల తరబడి నేను పిలవకముందే వచ్చి పక్కన నిలబడేది. పదిహేనేళ్ల పిల్ల తల్లి ముఖం చూసి భయపడుతూ బతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే అలా చేసింది నేనే.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టారు. బస్సులు ఆగిపోయాయి. కరోనా రాకుండా ఆసుపత్రి సిబ్బంది హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకోవచ్చని ఐ.సి.ఎం.ఆర్. చెప్పిందని వార్త వచ్చింది. ఆ వార్త చూసి రోగం లేనివాళ్లు కూడా కొని దాచుకున్నారు. ఏప్రిల్‌లో మా ఊళ్లో ఏ షాపులోనూ దొరకలేదు. మా ఆయన బట్టల కొట్టు గుమాస్తా, కొట్టు మూసేశారు, ఆయన రోజూ పొద్దున వదిలిన కాస్త సమయంలో మాస్కు కట్టుకుని మందుల షాపులన్నీ తిరిగేవాడు. ఉన్న స్ట్రిప్పులో చివరి మాత్ర ఒక శుక్రవారం వేసుకున్నాను.

ఆదివారానికి లేవలేకపోయాను. చేతులు, భుజాలు, మెడ, మోకాళ్లు, ఒళ్లంతా. మాత్ర లేకపోవడం వల్లే అని ఏడ్చాను. పక్కింటి అక్క వాళ్ల అన్న కర్నూలులో వెతికించి, మందులు తీసుకొచ్చే లారీలో ఒక పెట్టె పంపించాడు. ఆ అక్క రంజాను ఉపవాసంలో ఉండి, ఎండలో నడిచి వెళ్లి ఆ పెట్టె తీసుకొచ్చి మా గేటుకు తగిలించి పోయింది. వాళ్లిద్దరి రుణం నా దగ్గర అలాగే ఉంది.

కానీ ఆ ఆదివారం సంగతి చెప్పాలి. ఏడు నెలల తర్వాత డాక్టరమ్మకు అదంతా చెప్పినప్పుడు ఆమె కాసేపు ఆలోచించింది. "ఆ మందు ఒంట్లోంచి పోవాలంటే వారాలు, నెలలు పడుతుందమ్మా. రెండురోజులకు ఏమీ తెలియకూడదు" అంది. నాకు కోపం వచ్చింది. నేను లేవలేకపోయింది నిజం. మా అత్త నన్ను లేపి కూర్చోబెట్టింది నిజం. మరి ఆ నొప్పి ఎక్కడినుంచి వచ్చింది?

ఆ ప్రశ్న వెనక ఇంకో నెల ఉంది. 2020 జూలై. ఇంట్లో డబ్బుల్లేవు. బ్లౌజులు కుట్టించుకునేవాళ్లు లేరు. నిద్ర లేదు. తినబుద్ధి కాదు. నేను లేకపోతే వీళ్లకు బరువు తగ్గుతుందని అనుకోవడం మొదలుపెట్టాను. మొదట అప్పుడప్పుడూ వచ్చే ఆలోచన, తర్వాత రోజూ వచ్చింది. భయపెట్టింది ఏమిటంటే, ఆ ఆలోచన వచ్చినప్పుడు నాకు కాస్త తేలికగా ఉండేది. ఎవరికీ చెప్పలేదు. పాపే కనిపెట్టింది. ఎలా కనిపెట్టిందో ఇప్పటికీ చెప్పదు. ఒకరాత్రి దిండు తెచ్చుకుని నా పక్కన పడుకుంది. నా చేయి దాని చేతి కింద పెట్టుకుంది. నొప్పి వచ్చింది, తీయలేదు. ఆ రాత్రి నుంచి రెండు నెలలు అక్కడే పడుకుంది.

2022 అక్టోబరు 10న ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోన్ సహాయం మొదలుపెట్టింది. నంబరు 14416. ఏ వేళైనా, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నాకు కావాల్సినప్పుడు అది లేదు. మీకు ఉంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

2020 నవంబరులో మళ్లీ తిరుపతి వెళ్లగలిగాను. డాక్టరమ్మ ఎప్పటిలాగే 28 కీళ్లు నొక్కి చూసింది. భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్లు, మోకాళ్లు. వాచినవి ఎన్ని, నొక్కితే నొచ్చేవి ఎన్ని అని వేరువేరుగా రాసుకుంటారు. వాచినవి రెండు. నొచ్చేవి పదిహేను. రక్తంలో వాపును చూపే ఇ.ఎస్.ఆర్. మామూలుగానే ఉంది. తర్వాత ఒక గీత ఇస్తారు, ఒక కొస సున్నా, ఇంకో కొస వంద. మీకు మొత్తమ్మీద ఎలా ఉందో గుర్తు పెట్టమంటారు. నేను 85 దగ్గర పెట్టాను. ఇవన్నీ కలిపితేనే జబ్బు ఎంత తీవ్రంగా ఉందో చెప్పే అంకె వస్తుంది. ఆ లెక్కన చూస్తే నాకు జబ్బు బాగా ఎక్కువైనట్టే. మందు పెంచాలి, లేదా ఖరీదైన ఇంజక్షన్లకు పోవాలి.

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "నిద్ర పడుతోందా?" అని అడిగింది.

రెండేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. సమాధానం చెప్పలేకపోయాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. బయట ఇంకా ఎంతోమంది ఉన్నారు. ఆమె తొందరపెట్టలేదు. నర్సమ్మ తలుపు దగ్గరగా వేసి మంచినీళ్లు తెచ్చింది.

మనసు డాక్టరును కూడా కలవమని చీటీ రాసిచ్చింది. చీటీ చూసి నా ఏడుపు ఆగిపోయింది. "అంటే నాది నటనా?" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆమె కాదంది. కీళ్లవాతం ఉన్నవాళ్లలో మనోవ్యాకులత మామూలు జనంలో కంటే చాలా ఎక్కువగా కనిపిస్తుందని, రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయని చెప్పింది. నేను వినలేదు. చీటీ పర్సులో పెట్టుకుని నెలన్నర తిరిగాను. మా ఆయన చీటీ చదివి, "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. అది ఆయన భయం. కానీ నాకు ఆ మాట చాలింది వెళ్లకుండా ఉండడానికి.

వెళ్లమన్నది మా అత్త. మా ఆయన తర్వాత పుట్టిన బిడ్డ పోయాక, ఏడాదిపాటు తను ఇంట్లోంచి బయటికి రాలేదని అప్పుడు చెప్పింది. "నా నడుము అప్పుడు పట్టింది, ఎన్ని కట్లు కట్టినా పోలేదు. నన్నెవురూ తీసుకుపోలేదు మే. నువ్వు పో" అంది. నాకు పెళ్లయి అప్పటికి పదిహేడేళ్లు. ఆ సంగతి ఆమె నోట వినడం అదే మొదలు.

2021 జనవరిలో పోయాను. మొదటిరోజు రెండు కాగితాలు నింపించారు. ఒకటి తొమ్మిది ప్రశ్నల మనోవ్యాకులత పరీక్ష. 27కు నాకు 17. ఇంకొకటి నొప్పి వచ్చినప్పుడు ఏమేం అనుకుంటారనే 13 ప్రశ్నలు. కెనడా మనస్తత్వవేత్త మైకేల్ సలివన్, ఆయన తోటివాళ్లు 1995లో తయారుచేశారట. 52కు నాకు 41. కౌన్సెలింగ్ చేసే అమ్మాయి నా కంటే చిన్నది. ఆ 41ని మూడు ముక్కలు చేసి చూపించింది. నొప్పినే తలపోస్తూ ఉండడం, ఉన్నదాన్ని పెంచి చూడడం, ఇంక నావల్ల కాదని చేతులెత్తేయడం. మూడూ విన్నాక నా రాత్రులు ఎవరో చూసినట్టనిపించింది. చీకట్లో వేళ్లు నొక్కుకోవడం మొదటిది. బస్సులో మిషను అమ్మేయడం రెండోది. మూడోది జూలై.

నొప్పి నిజమేనా అని ఆమెను కూడా అడిగాను. నొప్పి అంటేనే ఒంటికీ మనసుకూ కలిపి జరిగే అనుభవమని, నొప్పిమీద పనిచేసే ప్రపంచ స్థాయి సంఘం 1979లోనే నిర్వచనం రాసుకుందని చెప్పింది. మా నాయన కేసీ కాలువ కింద వరి పండించేవాడని విని తూముతో పోల్చింది. కీలునుంచి వచ్చే కబురు వెన్నుపాములో ఒక తూము దాటి మెదడుకు పోతుంది, ఆ తూమును మెదడు కూడా పైనుంచి తెరవగలదు, మూయగలదు. భయం, నిద్రలేకపోవడం, నొప్పినే కనిపెట్టుకుని ఉండడం దాన్ని బార్లా తెరుస్తాయి. నీళ్లు అవే, పొలం మునిగిపోతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు ఇలాంటి సిద్ధాంతమే చెప్పారట. ఆ తర్వాత అందులో చాలా మార్పులు వచ్చాయంది. నాకు తూము చాలు. ఏప్రిల్ ఆదివారం ఒళ్లంతా ఎందుకు నొచ్చిందో ఆరోజు మొదటిసారి అర్థమైంది. ఆ నొప్పి అబద్ధం కాదు. మాత్ర లేదన్న భయానికి తూము తెరుచుకుంది.

మనసు డాక్టరు లివర్ పరీక్ష చూసి రాత్రిపూట ఒక మాత్ర రాశాడు. కౌన్సెలింగ్ అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టమంది. నొప్పి పదికి ఎంత, అప్పుడు ఏం చేస్తున్నాను, ఏం అనుకున్నాను. నేను కొలతలు రాసుకునే పుస్తకంలోనే వెనకనుంచి మొదలుపెట్టాను. ఒక పేజీ ఇలా ఉంది. "పొద్దున 7. నొప్పి 6. బొటనవేలు. అనుకున్నది: అవ్వ చేతులు." దాని పక్కన ఆమె ఇంకో గడి గీయించింది. ఆ అనుకున్నదానికి రుజువేమిటి, ఎదురు రుజువేమిటి. వారం రోజులు ఆ గడి ఖాళీగా ఉంది. తర్వాత మా అమ్మకు ఫోన్ చేసి అడిగాను, ఆ అవ్వ ఏం మందులు వాడిందని. "ఏం మందులుండాయప్పుడు? పసరు పూసుకునేది" అంది. ఆ మాట గడిలో రాసుకున్నాను. అవ్వకు ఆదివారం మాత్ర లేదు.

ఒక్కసారికి మారిపోలేదు. మొదటి రెండు నెలలు నేను ఆమెకు నచ్చేట్టు రాసి చూపించాను, నమ్మి రాయలేదు. ఇదీ ఒప్పుకోవాలి. నిద్ర మాత్రం ముందు వచ్చింది. నిద్ర వచ్చిన మూడో వారానికి పొద్దునపూట నొప్పి కొంచెం తగ్గింది. మణికట్టు కొంచెం కదిలించాను. గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి పదిసార్లు పిడికిలి బిగించి వదలడం ఫిజియోథెరపీలో నేర్పారు. మిషను దగ్గర ఇరవై నిమిషాలకు ఫోన్లో అలారం. మోగితే కుట్టు మధ్యలో ఉన్నా లేవాలి. నాకు ఇది అన్నిటికంటే కష్టమైంది. బాగున్నరోజు నాలుగు బ్లౌజులు కుట్టి తర్వాత మూడు రోజులు పడుకోవడం నా అలవాటు. ఆ మూడు రోజుల్లోనే ఆలోచనలన్నీ వచ్చేవి. బాగున్నరోజు కూడా రెండే కుట్టి లేవమంది. డబ్బు అవసరం ఉన్న ఇంట్లో ఈ మాట వినడం ఎంత కష్టమో ఆమెకు చెప్పాను. కాదనలేదు. హుక్కులు, కాజాలు, ఫాల్సు పని వీధిలో ఇంకొక అమ్మాయికి ఇవ్వమని ఆలోచన చెప్పింది. బ్లౌజుకు ఇంత అని ఇస్తున్నాను. ఆ అమ్మాయి మా ఇంట్లోనే కూర్చుని కుడుతుంది. నాకు మాట తోడు కూడా దొరికింది.

రాత్రి వేళ్లు నొక్కడం మానడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ మధ్యలోనే, 2021 మేలో కరోనా రెండో విడతలో మా పెదనాన్న పోయాడు. మళ్లీ నిద్ర దూరమైంది, మళ్లీ నొక్కుకున్నాను. మొదటికొచ్చానని అనుకున్నాను. ఫోన్ చేస్తే కౌన్సెలింగ్ అమ్మాయి ఆదివారం కూడా ఎత్తి అరగంట మాట్లాడింది.

2022 డిసెంబరులో జరిగింది వేరు. కుడి మణికట్టు నొచ్చింది. నేను పుస్తకం తీసి, ఇది భయమే, తూమే, తగ్గుతుంది అని రాసుకున్నాను. పది రోజులు అలాగే రాసుకున్నాను. పక్కన కూర్చుని హుక్కులు కుడుతున్న అమ్మాయి, "అక్కా, నీ గాజు ఎక్కడం ల్యా" అంది. చూస్తే మణికట్టు ఎముక కనపడనంతగా ఉబ్బింది. పొద్దున బిగుసుకుపోవడం పది నిమిషాల నుంచి గంటంబావుకు పెరిగింది, అదీ నేను గమనించలేదు. తిరుపతి వెళితే, వాపును చూపే ఇంకో రక్తపరీక్ష సి.ఆర్.పి. బాగా పెరిగి ఉంది. జబ్బే తిరగబెట్టింది. మందు మోతాదు పెంచారు, ఆరు వారాలకు దిగింది. ఆ పది రోజులు నేను ఆగకుండా ఉండాల్సింది. వాపు కంటికి కనపడితే, పొద్దున బిగువు గంట దాటితే ఆలోచనల పుస్తకంతో పనిలేదు, డాక్టరుకు ఫోన్ చేయాలి. ఇప్పుడు ఈ రెండు మాటలూ మిషను పైన గోడకు రాసి అతికించుకున్నాను.

మా చుట్టాల్లో కొందరు ఇది విని, "మనసు గట్టిచేసుకుంటే నొప్పులు పోతాయంట గదా, మరి మందులెందుకు?" అంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, కానీ ఆ మాట చాలా ప్రమాదం. మనసు గట్టిచేసుకోమని ఒకరు చెబితే గట్టిపడేది కాదు. నాకు రెండు చీటీలు కావాల్సొచ్చాయి, కీళ్లకు ఒకటి, నిద్రకూ ఆలోచనకూ ఒకటి. ఒక్క చీటీతో నడిచిన రెండేళ్లలో నా కీళ్లు బాగయ్యాయి, నేను చావు దగ్గరదాకా పోయాను. ఒక్క పుస్తకంతో నడిచిన పది రోజుల్లో మణికట్టు పాడుచేసుకున్నాను.

మా అత్త 2023 ఉగాది తర్వాత పోయింది. చివరి నెలల్లో ఆమెకు నేను కుచ్చిళ్లు పెట్టాను. వేళ్లు నొచ్చాయి. పెట్టగలిగాను.

పాప ఇప్పుడు అనంతపురంలో హాస్టల్లో ఉంది. రోజూ పొద్దున ఫోన్ చేసి, "ఎంత?" అంటుంది. నాలుగంటాను, మూడంటాను. బాగున్నాననే మాట చెప్పకూడదని మా ఇద్దరికీ ఒప్పందం. ఆరోజు గ్లాసు దగ్గర అన్న మాటకు దాన్ని క్షమాపణ అడగడానికి నాకు మూడేళ్లు పట్టింది. "నాకు గుర్తులేదుమా" అంది. గుర్తుంది దానికి.

వచ్చే మంగళవారం చేతులకు ఎక్స్‌రే. రెండేళ్లకు ఒకసారి తీస్తారు, ఎముక కొసల్ని జబ్బు ఏమైనా తిన్నదా అని చూడటానికి. మా ఆయన కొట్లో సెలవు అడిగాడు. నిన్న రాత్రి మెలకువ వచ్చి కుడిచేయి బొటనవేలు నొక్కుకున్నాను. చూపుడువేలు కూడా. మధ్యవేలి దగ్గర ఆగి లైటు వేశాను. ఆయన లేచాడు. ఎక్స్‌రే అంటే భయంగా ఉందని చెప్పాను. ఆయన లేచి కూర్చున్నాడు. పుస్తకంలో రాసుకున్నాను. రాత్రి 1.20. నొప్పి 3. భయం 8.